గోడ మీది సర్టిఫికెట్ ఏమి చెబుతుంది?



"మా అమ్మాయి కాన్పుకు గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళవచ్చా? అక్కడ సరిగ్గా చూస్తారా అండీ?" తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల కుటుంబాలు మమ్ములను ఇలా అడుగుతుంటాయి. దీనికి ఊరి మాటల కంటే నమ్మదగిన ఆధారం ఒకటి ఉంది. అదే జాతీయ నాణ్యతా ప్రమాణాల (ఎన్.క్యు.ఎ.ఎస్.) సర్టిఫికెట్.

ఏమిటీ పరీక్ష?

కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ఈ ప్రమాణాలను జిల్లా ఆసుపత్రుల కొరకు ప్రారంభించి, తరువాత సామాజిక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు విస్తరింపజేసింది. ఇది లైసెన్సు వంటిది కాదు. సర్టిఫికెట్ లేదని ఆసుపత్రిని మూసివేయరు. ముందు సిబ్బందే తమ లోపాలను వెదికి సరిచేసుకోవాలి. ఆ తరువాత రాష్ట్ర బృందం, చివరకు జాతీయ బృందం తనిఖీ చేస్తాయి.

వచ్చినవారు రికార్డులు మాత్రమే చూసి వెళ్ళరు. వార్డులు తిరుగుతారు, సిబ్బందిని ప్రశ్నిస్తారు, మంచం మీదనున్న రోగితోనూ మాట్లాడతారు. కాన్పుల గదిలో చేతులు కడుగుకొనే ఏర్పాటు, రోగి హక్కులు, మందుల నిల్వ, ఇన్ఫెక్షన్ నివారణ వంటి ప్రతి అంశానికి 0, 1 లేక 2 మార్కులు వేస్తారు. మొత్తం మీద నూటికి 70 రావాలి. సర్టిఫికెట్ మూడేళ్ళే చెల్లుతుంది. కనుక గోడ మీద దానిని చూసినప్పుడు తేదీ కూడా చదవండి.

ఆసుపత్రి ఒక్కటే చాలునా?

2018 మార్చిలో గుంటూరులో తాగునీరు కలుషితమై అతిసారం వ్యాపించింది, పలువురు మరణించారు. ఆసుపత్రి ఎంత శుభ్రంగా ఉన్నా కుళాయి నీటి దోషాన్ని ఆపలేదు. అమెరికాలో ఆసుపత్రులకే కాక, అంటువ్యాధులను కనిపెట్టి అరికట్టే ప్రజారోగ్య శాఖలకు కూడా స్వచ్ఛంద గుర్తింపు పద్ధతి 2011లో మొదలైంది. 2013లో మొదటి 11 శాఖలు గుర్తింపు పొందాయి. మన దగ్గర నీరు మున్సిపాలిటీ, పంచాయతీల బాధ్యత. వైద్యం ఆరోగ్య శాఖ బాధ్యత. ఇద్దరి పనినీ కలిపి అడగవలసినది ప్రజలే.

మీరు చేయగలిగినవి

• తనిఖీ బృందం అడిగినప్పుడు భయపడకుండా ఉన్నది ఉన్నట్లు చెప్పండి. మీ మాటకూ మార్కులున్నాయి.
• ఉచితమైన సేవకు ఎవరైనా డబ్బు అడిగితే ఫిర్యాదు చేయండి.
• మీ వీధిలో ఒకేసారి పలువురికి విరేచనాలైతే వెంటనే ఆశా కార్యకర్తకు గాని, ఏ.ఎన్.ఎం.కు గాని తెలియజేయండి. నీరు కాచి చల్లార్చి త్రాగండి.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుండి బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోను, తెనాలి గుంటూరు జిల్లాలోను ఉన్నాయి. ఫిర్యాదులో మీ జిల్లా పేరు సరిగా వ్రాయండి. లేకుంటే కాగితం ఒక ఆఫీసు నుండి మరొక ఆఫీసుకు తిరుగుతూనే ఉంటుంది.