పెన్న ఒడ్డున పగలు, పురమందిరంలో రాయబారం

నెల్లూరుకు తూర్పున, పాతిక కిలోమీటర్ల లోపే మైపాడు బీచి ఉంది. తూర్పు తీరం గనక ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గాని సముద్రంలో అస్తమించడు. సాయంత్రం షికారుకు పోయేవారికి ఈ సంగతి అక్కడికి చేరాక గాని తట్టదు. తెల్లవారుజామునే అక్కడ ఉండి, ఒడ్డుకొచ్చే పడవలను చూసి, ఎండ ముదరకముందే ఊళ్లోకి తిరిగి రావడం మేలు.

ఊళ్లో మొదటి మజిలీ పెన్న గట్టున ఉన్న తల్పగిరి రంగనాథస్వామి గుడి. తల్పమంటే పడక. స్వామి పవళించడానికి ఆదిశేషుడే కొండయ్యాడని స్థలపురాణం చెబుతుంది. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన భారతంలో విరాటపర్వం మొదలుకొని చివరి 15 పర్వాలను తెలుగు చేసింది ఈ పెన్నాతీరంలోనేనని ఊరి నమ్మకం. తిక్కన పేరును రాత్రి దాకా గుర్తుంచుకోవాలి.

మూలాపేటలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. హరిజనులకు ఆ గుడి తలుపులు తెరవాలని పొట్టి శ్రీరాములు 1946లో నిరాహారదీక్ష చేశారు. తిప్పరాజువారి వీధిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం కుటుంబం ఇల్లుంది. 2020 ఫిబ్రవరిలో దాన్ని ఆయన వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఆయన తండ్రి సాంబమూర్తి హరికథకులు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలతో ఒక్క మనిషే పాటా, మాటా, ఆటా అన్నీ తానై కథ నడిపే కళ అది.

మధ్యాహ్న భోజనానికి మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు. నిన్న వండినదైతే ఇంకా మంచిది. తరువాత స్వర్ణాల చెరువు పక్కన బారాషహీద్ దర్గా. మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగకు కోరిక తీరినవారు రొట్టె తెచ్చి పంచుతారు, కోరిక ఉన్నవారు దాన్ని అందుకుంటారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో మతం అడ్డు రాదు.

ఇక రాత్రికి నాటకం. పడమటి దేశాల ఒపెరా 1600 ప్రాంతాల్లో ఇటలీలో పుట్టింది. అందులో సంభాషణ కూడా చాలావరకు పాటే. మనకు దానికి దగ్గరి చుట్టం పద్యనాటకం. మాట వచనంలో నడుస్తుంది, ఆవేశం వచ్చినచోట పద్యమై రాగమెత్తుకుంటుంది. నాటకంలో పాటలు ప్రవేశపెట్టిన ఘనత బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులది. 1885లో కడప జిల్లా సురభిలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన బృందం తొలి నాటకం కీచకవధ. నెల్లూరులోనూ 1899లో వేదం వెంకటరాయశాస్త్రి ఆంధ్ర భాషాభిమాని సమాజం స్థాపించారు. ఆయన ప్రతాపరుద్రీయం నాటకంలో చాకలి పేరిగాడు చాకలి భాషే మాట్లాడతాడు. ఈ ఊళ్లో సాహిత్య సభలకూ నాటకాలకూ పాత చిరునామా రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం, అంటే టౌన్‌హాలు.

జనం ‘కురుక్షేత్రం’ అని పిలిచేవి తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు. వాటిలో పడక సీను, రాయబారం సీను పుట్టింది ఉద్యోగపర్వంలోంచి. కీచకవధ విరాటపర్వంలోది. రెండూ తిక్కన తెనిగించిన భాగంలోవే. పెన్న ఒడ్డున ఘంటం పట్టిన ఆ మంత్రి నాటకం రాయకపోయినా, నాటకాలవాళ్లకు ఆయనంత మేలు చేసినవారు తక్కువ.

స్టేజీకి ఓ వార హార్మోనియం, తబలా. నాటకమంతా ఒక్కరే మోయలేరు గనక పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొకడు, యుద్ధానికి మూడోవాడు వస్తారు. పడక సీనులో కృష్ణుడు పట్టెమంచం మీద దొంగనిద్ర పోతుంటాడు. తలవైపు దుర్యోధనుడు, కాళ్లవైపు అర్జునుడు. కళ్లు తెరిచిన కృష్ణుడు పద్యం ఎత్తుకుని చివరి పాదం మీద రాగం లాగుతాడు. హార్మోనియం వెంటబడుతుంది. ఊపిరి ఎక్కడ తెగుతుందోనని హాలంతా ఎదురుచూస్తుంది. తెగదు. వెనక బెంచీలోంచి “వన్స్‌మోర్!” అని కేక. కృష్ణుడు మళ్లీ మొదటికొస్తాడు. అంతసేపూ దుర్యోధనుడు మీసం దువ్వుకుంటూ కూర్చోవలసిందే. ఒపెరా మర్యాదలు తెలిసినవారికి ఇది అల్లరిగా తోచవచ్చు గాని, పద్యం రుచి తెలిసిన ప్రేక్షకుడికి ఇది హక్కు.

ఇవి రోజూ ఆడేవి కావు. పోటీలప్పుడు, శ్రీరామనవమికి, గుడి బ్రహ్మోత్సవాలప్పుడు ఎక్కువ. తేదీ స్థానిక పత్రికలో చూసుకోవాలి. పడక సీను మొదట్లోనే వస్తుంది గనక తెర లేవకముందే వెళ్లి కుర్చీ పట్టుకోండి.