నీరు పాక్ అయినంత మాత్రాన చాలునా?

పసుపు కొమ్ములు ఆర్మూరు మార్కెట్‌కు చేరే కాలం ముగిసేసరికి మా ఊరిలో ఎండలు ముదురుతాయి. పిల్లల మనసు పుస్తకాల మీద నిలువదు. చెరువుల మీదికి, పోచంపాడు వెనుక నీటి మీదికి పోతుంది. గడచిన వేసవిలో ఫిఖ్హ్ పాఠం ముగిసిన పిదప ఒక బాలుడు మమ్మల్ని ఇలా ప్రశ్నించాడు: "మౌలానా సాబ్, పెద్ద చెరువు నీళ్లు పాక్ అని మీరే చెప్పారు కదా! మరి అందులో ఈతకు పోతానంటే అమ్మీ ఎందుకు వద్దంటుంది?"

ఆనాడు మేము నవ్వి, "పాక్ నీటికి భయమెందుకు?" అన్నాము. ఆ జవాబు తొందరపాటుదని తరువాత గ్రహించాము. పొరపాటును సరిదిద్దుకొనడం బోధకుని బాధ్యత గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల నీటిలో మాలిన్యం పడినా, రంగు, రుచి, వాసన మారనంత వరకు ఆ నీరు పాక్ అని హనఫీ ధర్మవేత్తలు నిర్ణయించారు. ఇది ఆరాధనకు సంబంధించిన తీర్పు. వ్యాధిని కలిగించే సూక్ష్మజీవికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కనుక వుజూకు చెల్లే నీరు దేహానికి కూడా క్షేమకరమని ఆ తీర్పు చెప్పడం లేదు.

మన పెద్దలకు నారికురుపు జ్ఞాపకమే. కాలి మీద బొబ్బ లేచి, అందులో నుండి మూరెడుకు మించిన పురుగు దారంలా బయటికి వచ్చేది. దానిని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం చొప్పున లాగేవారు. అరబ్బు వైద్యులు దీనిని మదీనా పేరుతో 'ఇర్ఖె మదనీ' అన్నారు. ఇబ్నె సీనా తన వైద్య గ్రంథంలో దీనిని వర్ణించారు. రోగి మెట్ల బావిలో కాలు పెట్టగానే పురుగు తన పిల్లలను నీటిలో విడిచేది. వాటిని సైక్లాప్స్ అనే నీటి పురుగు మింగేది. ఆ నీటిని వడగట్టక త్రాగినవారికి సుమారు ఏడాది తరువాత అదే కురుపు లేచేది. దీనికి టీకా లేదు, మందూ లేదు. గుడ్డతో వడగట్టిన నీరు, మెట్ల బావులకు బదులు చేతిపంపులు, రోగిని నీటిలో దిగనివ్వని జాగ్రత్త, ఇవే దానిని తరిమివేశాయి. మన దేశంలో చివరి రోగి 1996 జూలైలో కనిపించగా, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని ఈ వ్యాధి నుండి విముక్తమైనదిగా ప్రకటించింది.

నేడు భయపెడుతున్నది మరొక జీవి. పత్రికలు 'మెదడు తినే అమీబా' అంటున్న నేగ్లేరియా వెచ్చని మంచినీటిలో, అడుగు బురదలో నివసిస్తుంది. ఆ నీటిని త్రాగితే ఈ వ్యాధి రాదు. ముక్కులోనికి నీరు దూసుకుపోయినప్పుడు ఆ జీవి మెదడుకు చేరుతుంది. ఒకటి నుండి పన్నెండు రోజులలోపు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకొనడం కనిపిస్తాయి. ఇది అరుదైన వ్యాధే అయినా సోకినవారిలో అత్యధికులు మరణిస్తారు. 2024లో కేరళలో పిల్లలు దీనికి బలయ్యారు. అదే ఏడాది కోళికోడ్ జిల్లాలో 14 ఏళ్ల బాలుడు మాత్రం, వ్యాధిని త్వరగా గుర్తించడం వల్ల, అల్లాహ్ దయతో కోలుకున్నాడు.

మనం ప్రత్యేకంగా గమనించవలసినది కరాచీ అనుభవం. 2008-09లో అక్కడ ఈ వ్యాధి సోకిన 13 మందిని వైద్యులు పరిశీలించగా, వారిలో ఒక్కరు తప్ప ఎవరూ ఈతకు వెళ్లినవారు కారు. క్లోరిన్ చాలని కుళాయి నీటిని వుజూలో ముక్కులోనికి ఎగబీల్చడమే దారి అయి ఉంటుందని వారు భావించారు. దీనిని బట్టి సున్నత్‌ను విడువరాదు, నీటిని బాగుచేసుకోవాలి. మస్జిద్ హౌజ్‌ను, మిద్దె మీది ట్యాంకును క్రమం తప్పక కడగాలి. వెయ్యి లీటర్ల నీటికి సుమారు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి, గంట సేపు ఆగిన తరువాతనే వాడాలి. కొలతలో సందేహముంటే ఆరోగ్య సిబ్బందిని అడగాలి. అనుమానం గల నీరైతే కాచి చల్లార్చి ముక్కుకు వాడడం క్షేమం.

నిలిచిన నీటిలో మూత్రవిసర్జన చేసి అందులోనే స్నానం చేయరాదని దైవప్రవక్త (స) వారించారు. 1851లో కైరోలో బిల్‌హార్జ్ అనే జర్మన్ వైద్యుడు ఒక రక్తపురుగును కనుగొన్నాడు. దాని గుడ్లు మూత్రం ద్వారా నీటిలో చేరి, నత్తలలో పెరిగి, నీటిలో దిగినవారి చర్మం గుండా దేహంలో ప్రవేశిస్తాయి. మన ప్రాంతంలో ఇది వ్యాపించిన వ్యాధి కాదు. కాని ఆర్మూరు చుట్టుపక్కల ఇళ్ల నుండి ఎందరో దూరదేశాలకు వెళ్తున్నారు. యెమెన్‌లోనూ ఆఫ్రికా దేశాలలోనూ ఇది ఉంది. మలావి సరస్సులో సిలిండరు కట్టుకొని లోతుకు దిగే యాత్రికులకు సైతం సోకింది. అక్కడ మంచినీటి సరస్సులలో, కాలువలలో దిగనివారికి ఈ భయం లేదు. దిగినవారు ఆరోగ్యంగా ఉన్నా కొన్ని వారాల తరువాత పరీక్ష చేయించుకోవాలి. దీనికి మందు ఉంది.

పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఇవి పాటించాలి. మండుటెండలో వేడెక్కిన లోతులేని నీటిలో దిగనివ్వరాదు. తల ముంచి దూకడం, అడుగు బురదను కదిలించడం వద్దు. ఈతకు వెళ్లక తప్పదనుకుంటే ముక్కుకు క్లిప్పు పెట్టాలి, పెద్దలు దగ్గరుండాలి. ఈత కొట్టిన పక్షం రోజులలో జ్వరంతో తలనొప్పి వస్తే ఇంట్లో పసుపు పట్టీలు వేస్తూ కూర్చోరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి, "మా అబ్బాయి చెరువులో ఈత కొట్టాడు" అని ముందుగా చెప్పాలి. వైద్యుడు అడగకపోయినా చెప్పాలి. ఆ ఒక్క మాట ప్రాణం నిలుపవచ్చు.

ప్రాణం అల్లాహ్ అప్పగించిన అమానత్. ఆ బాలుణ్ణి మళ్లీ పిలిచి, "బేటా, ఆనాడు మేము చెప్పినది సగం జవాబే. నీరు పాక్ అన్నది మా పాఠం, ఆ నీరు నీకు క్షేమమా అన్నది మీ అమ్మీ ప్రశ్న. ఆమె ప్రశ్నకు మేము జవాబు చెప్పనే లేదు" అన్నాము. వాడు కొంచెం ఆలోచించి, "అయితే హౌజ్ ఎప్పుడు కడుగుదాం?" అని అడిగాడు. ఆ జుమా కంటే ముందే కడిగాము.