చిన్న ఇల్లు: కొనుటకు ముందు కొలత

కూడు, గుడ్డల పిదప మానవునకు కావలసినది గూడు. తనదియని చెప్పుకొనదగిన ఇల్లొకటి ఉండవలెనను కోరిక మన ప్రజలలో మిక్కిలి బలమైనది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అను సామెత ఆ కార్యమెంత భారమైనదో చెప్పకయే చెప్పుచున్నది. నేడు ఉద్యోగములకై హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ వంటి నగరములకు పోయిన గ్రామీణ యువజనులలో పలువురు తమ మొదటి ఇంటిని కట్టుకొనుట లేదు, కొనుచున్నారు. వారి ఆదాయమునకు అందునది చాల చిన్న ఫ్లాటు మాత్రమే. అద్దె సొమ్ముతోనే సొంత ఇల్లు అను ప్రకటనలు ముఖ్యముగా వీరిని ఉద్దేశించినవే.

నగరములోని ఫ్లాటుతో పంచాయతీ సభ్యులకు పనియేమి యని కొందరు అడుగవచ్చును. ఆ ఇంటికి తొలుత చెల్లించు సొమ్ము తరచు గ్రామములో పొలము అమ్మగా వచ్చినదే. బ్యాంకు కాగితముపై హామీదారుగా సంతకము చేయునది తండ్రియో మేనమామయో. అమ్మకమునకు ముందు వారు సలహా అడుగునది సర్పంచిని, వార్డు సభ్యులను. అంతేకాక నగరములు పెరిగి, వాటి పొలిమేర గ్రామములలోనే అపార్ట్‌మెంట్లు లేచుచున్నవి. కావున ఈ విషయము మన గడపలోనికి వచ్చినదే.

చిన్న ఇల్లు మనకు క్రొత్తది కాదు

మన పల్లెలలో ఒక గది, ఒక వంటకొట్టము గల ఇండ్లలో తరతరములు పెరిగినవి. అయితే ఆ ఇంటికి ముందు అరుగు, పంచ ఉండెడివి. వెనుక పెరడు ఉండెడిది. తాతగారి మంచము అరుగుమీద, చంటిబిడ్డ ఊయెల పంచలో, గిన్నెలు తోముట పెరటిలో, వడియములు ఎండుట వాకిటిలో జరిగెడివి. చుట్టములు వచ్చినచో వేపచెట్టు క్రింద నాలుగు మంచములు వాలెడివి. లోపలి గది సామాను దాచుకొనుటకు, వానలో తలదాచుకొనుటకు చాలెడిది. అనగా ఇల్లు చిన్నదే గాని, బ్రదుకుటకు స్థలము చిన్నది కాదు.

నాలుగవ అంతస్తులోని చిన్న ఫ్లాటుకు అరుగు లేదు, వాకిలి లేదు, పెరడు లేదు. వంట, నిద్ర, పిల్లల చదువు, బట్టలు ఆరవేయుట, చుట్టముల రాక, పెద్దల అనారోగ్యము, సమస్తమును నాలుగు గోడల నడుమనే జరుగవలెను. కనుక పల్లెలోని 300 చదరపు అడుగుల ఇంటిని, నగరములోని 300 చదరపు అడుగుల ఫ్లాటును ఒకటిగా తలచుట పొరపాటు. గోడల లోపలి ప్రతి అడుగును లెక్కించుకొనవలసిన అవసరము ఇందువలననే కలిగినది.

ఏ కొలత నిజమైన కొలత?

ఫ్లాటులు అమ్మువారు పెక్కు కొలతలు చెప్పుచుందురు. వానిలో సూపర్ బిల్టప్ ఏరియా యనునది మెట్లు, లిఫ్టు, నడవలు మొదలగు ఉమ్మడి స్థలములలో వాటాను కూడ కలిపి చెప్పు సంఖ్య. కార్పెట్ ఏరియా యనునది ఇంటిలోపల మనము వాస్తవముగా వాడుకొను నేల. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టము, అనగా రెరా చట్టము, ఈ కార్పెట్ ఏరియాను నిర్వచించినది. వెలుపలి గోడల మందము, బాల్కనీ, పైపులు పోవు సందులు దీనిలో చేరవు. లోపలి అడ్డుగోడలు చేరును.

ఉదాహరణకు, 24 లక్షల రూపాయల ఫ్లాటు 600 చదరపు అడుగులని ప్రకటించిరనుకొందము. అడుగు 4,000 రూపాయలని కొనువాడు సంతోషించును. దాని కార్పెట్ ఏరియా 400 అడుగులే యైనచో, అతడు కాలు మోపు ప్రతి అడుగునకు 6,000 రూపాయలు చెల్లించినట్లు తేలును. ఉమ్మడి స్థలము వ్యర్థమని మా అభిప్రాయము కాదు. మెట్లు లేక ఇంటికి చేరలేము. కాని మంచము వేయుటకు మెట్లు పనికిరావు.

ఎంత ఉన్న చాలును?

దీనికి మన దేశములో కొన్ని ప్రమాణములు కలవు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి ననుసరించి నివాసపు గది 9.5 చదరపు మీటర్లకు తగ్గరాదు. రెండవ గది ఉన్నచో అది 7.5 మీటర్లు ఉండవచ్చును. భోజనమునకు వేరుచోటు ఉన్నపుడు వంటగది 5 మీటర్లు, వంటగదిలోనే భుజించునపుడు 7.5 మీటర్లు ఉండవలెను. స్నానపు గది, మరుగుదొడ్డి కలిసియున్నచో 2.8 మీటర్లు కావలెను. ఒక పెద్ద గది, ఒక చిన్న గది, చిన్న వంటగది, స్నానపు గది కలిపి చూచినచో మొత్తము 24.8 చదరపు మీటర్లు, అనగా సుమారు 267 చదరపు అడుగులగును. గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన క్రింద ఇంటికి నిర్ణయించిన కనీస వైశాల్యము కూడ 25 మీటర్లే. 2015లో పట్టణములకై ఆరంభించిన పథకములో మిక్కిలి తక్కువ ఆదాయముగల వారి ఇంటి కార్పెట్ ఏరియాకు పరిమితి 30 మీటర్లు, అనగా సుమారు 323 అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో సంస్థ పట్టణములలో నిర్మించిన ఇండ్లు 300, 365, 430 చదరపు అడుగుల తరగతులవి. తెలంగాణలో 2015లో ఆరంభమైన రెండు పడకగదుల ఇండ్ల పథకమునకు నిర్ణయించిన వైశాల్యము 560 అడుగులు.

ఇతర దేశములలోను ఈ సమస్య తలయెత్తినది. హాంగ్‌కాంగ్‌లో 200 చదరపు అడుగులకు లోపు ఫ్లాటులు విరివిగా అమ్ముడుపోగా, ప్రభుత్వము తాను విక్రయించు స్థలములలో కట్టు క్రొత్త ఫ్లాటులు 26 మీటర్లకు, అనగా 280 అడుగులకు, తగ్గరాదని 2022లో నిబంధన విధించినది. ఇంగ్లండులో కార్యాలయ భవనములను మార్చి మిక్కిలి ఇరుకైన ఇండ్లను అమ్ముచుండగా, 2021 ఏప్రిల్ నుండి అట్టి ఇండ్లకు కూడ ఒక్క మనిషికి కనీసము 37 మీటర్లను ప్రమాణము వర్తించునట్లు చేసిరి. జపానువారి లెక్క సులభమైనది. ఒంటరికి 25 మీటర్లు. కుటుంబమైనచో మనిషికి 10 చొప్పున లెక్కించి, ఆపై మరి 10 మీటర్లు చేర్చవలెను. నలుగురున్న ఇంటికి 50 మీటర్లు, అనగా సుమారు 538 అడుగులు. ఒంటరిగా ఉన్ననాడు సరిపోయిన ఇల్లు, పెండ్లియై ఇద్దరు బిడ్డలు కలిగిననాడు సరిపోదని ఈ లెక్కవలన తెలియుచున్నది. మొదటి ఇల్లు కొనువారు నేటి అవసరమును గాక, పది సంవత్సరముల తరువాతి కుటుంబమును తలచుకొనవలెను.

ముగ్గుతో గీసి చూడుడు

కాగితముమీది అంకెలు కంటికి ఆనవు. పంచాయతీ కార్యాలయపు ఆవరణలోనో, కళ్ళములోనో ముగ్గుపిండితో 18 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు గల చతురస్రమును గీయుడు. అది 324 అడుగులు. ఇంచుమించు 30 చదరపు మీటర్ల ఇల్లు. అందులో గదులను గీసి, ఇద్దరు పడుకొను మంచము, బీరువా, బియ్యపు డబ్బా, గ్యాసు పొయ్యి, బట్టలు ఉతుకు యంత్రము నిజముగా ఉంచి చూడుడు. తలుపు తెరచినపుడు మంచమునకు తగులునేమో, రాత్రివేళ లేచిన ముసలివారు నడచుటకు దారి మిగులునేమో పరికింపుడు. గంటసేపటి ఈ పనితో తెలియునది రంగుల బొమ్మలవలన తెలియదు. మాదిరి ఫ్లాటు చూపునపుడు అందలి మంచములు, కుర్చీలు సాధారణ పరిమాణములో ఉన్నవో లేవో టేపుతో కొలుచుట మంచిది.

వైశాల్యముతోపాటు గాలి వెలుతురులను కూడ చూడవలెను. వేడి, ఉక్క గల ప్రాంతములలో గది నేలలో ఆరవ వంతుకు తగ్గకుండ కిటికీలు మొదలగు గాలివెలుతురు మార్గములుండవలెనని భవన నిర్మాణ స్మృతి చెప్పుచున్నది. కిటికీ ఉన్నంతమాత్రమున చాలదు. అది ఎదుటి గోడకు మూయబడినట్లుండరాదు. చిన్న ఇంటిలో తడిబట్టలు లోపల ఆరినచో గోడలు చెమ్మగిల్లి బూజుపట్టును. వంటగదిలో పొగను బయటకు పంపు పంకా తప్పనిసరి.

ఇప్పటికే అట్టి ఇంటిలో ఉన్నవారు నేలను గాక గోడను వాడుకొనవలెను. అటక, గోడ అరలు, మడత మంచము, క్రింద సొరుగులున్న బల్ల ఎంతో మేలు చేయును. క్రొత్త వస్తువొకటి వచ్చినపుడు పాతదొకటి బయటకు పోవలెనను నియమము పెట్టుకొన్న ఇల్లాలు చిన్న ఇంటిని గూడ విశాలముగా ఉంచగలదు.

వాయిదాల లెక్క

20 లక్షల ఋణమును నూటికి 9 వడ్డీతో 20 సంవత్సరములకు తీసికొన్నచో నెలసరి వాయిదా సుమారు 18,000 రూపాయలు. గడువు ముగియునప్పటికి చెల్లించు మొత్తము 43 లక్షలు దాటును. అదే ఋణమును 15 సంవత్సరములలో తీర్చినచో వాయిదా సుమారు 20,300 అగును గాని, మొత్తము 36 లక్షల 50 వేలకు చేరును. నెలకు 2,300 రూపాయలు అదనముగా చెల్లించుటచే ఆరున్నర లక్షలకు పైగా మిగులును. 30 లక్షలలోపు గృహఋణములకు ఇంటి విలువలో 90 శాతము వరకే బ్యాంకు ఇచ్చును. మిగిలినది, దానితోపాటు రిజిస్ట్రేషను ఖర్చులు, కొనువారే సమకూర్చుకొనవలెను. ఇందుకై ఉన్న ఎకరము అమ్ముటకు ముందు, ఆ ఎకరము ఏటేట ఇచ్చు ఫలసాయమును కూడ లెక్కలో చేర్చవలెను. ఫ్లాటు ఇరుకైనదని అమ్మదలచినపుడు కొనువారు వెంటనే దొరకకపోవచ్చును. అమ్మిన పొలము మాత్రము తిరిగి రాదు.

పంచాయతీ సభ్యులు అడుగదగిన ప్రశ్నలు

సలహాకై వచ్చినవారిని సభ్యులు ఈ క్రింది ప్రశ్నలు అడిగినచో చాల నష్టములు తప్పును.

1. ఫ్లాటు కార్పెట్ ఏరియా ఎంత? అది ఒప్పందములో వ్రాయబడినదా?

2. కట్టడము రెరాలో నమోదైనదా? స్థలము 500 చదరపు మీటర్లకు, అనగా సుమారు 598 గజములకు, మించనపుడును, ఫ్లాటులు ఎనిమిదికి మించనపుడును నమోదు అవసరము లేదు. అట్టి చిన్న కట్టడముల విషయమున మరింత జాగ్రత్త కావలెను.

3. వ్రాతపూర్వకమైన ఒప్పందమును రిజిస్టరు చేయకమునుపే సొమ్ము అడుగుచున్నారా? నమోదైన కట్టడములలో ధరలో పదవ వంతుకు మించి అట్లు తీసికొనుటకు చట్టము అంగీకరింపదు.

4. భూమిలో విభజింపబడని వాటా ఎన్ని గజములు? కట్టడము పాతబడినను మిగులునది ఆ వాటాయే.

5. పాత దస్తావేజులు, ఈసీ, నిర్మాణ అనుమతి, కట్టడము పూర్తియైనచో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూచితిరా? పంచాయతీ తీర్మానము ఒక్కటియే లేఅవుటుకు చాలదని సభ్యులే మొదట గుర్తుంచుకొనవలెను.

6. నెలనెలా నిర్వహణ రుసుము ఎంత? నీరు ఎచ్చటనుండి వచ్చును?

7. వాయిదా పోగా ఇల్లు గడుచుటకు ఎంత మిగులును? తల్లిదండ్రులు వచ్చి నెలరోజులుండుటకు చోటు కలదా?

నమోదైన కట్టడములో, స్వాధీనము చేసిన అయిదు సంవత్సరములలోపు నిర్మాణ లోపము బయటపడినచో అమ్మినవారు తమ ఖర్చుతో 30 దినములలో సరిచేయవలెను. చెప్పిన గడువుకు ఇల్లు అప్పగింపనిచో కొన్నవారు తమ సొమ్మును వడ్డీతో తిరిగి కోరవచ్చును. ఈ విషయములపై రాష్ట్ర రెరా సంస్థకు ఫిర్యాదు చేసికొను హక్కు కలదు. ఈ హక్కు కలదని తెలియక ఊరకుండువారు పెక్కుమంది. గ్రామసభలో ఒకమారు చదివి వినిపించినచో అట్టివారికి మేలు కలుగును.

చిన్న ఇల్లు కొనుట తప్పు కాదు. ఉద్యోగమునకు దగ్గరగా, తీర్చగల ఋణముతో, గాలి వెలుతురులు గల చిన్న ఇల్లు ఒక యువ కుటుంబమునకు గొప్ప అండ. పెద్ద ఇల్లను భ్రమతో చిన్న ఇంటిని కొనుట మాత్రము తప్పు. ధాన్యము కొనునపుడు కుంచమును పరీక్షించు మన రైతు, జీవితకాలపు కష్టార్జితమును వెచ్చించి ఇల్లు కొనునపుడు టేపును మరువరాదు. ఆ టేపును అతని చేతికందించుట పంచాయతీ సభ్యుల కర్తవ్యము.