రాళ్ల మీద అబద్ధ సాక్ష్యం

కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం మా సంఘంలో పరిణామ సిద్ధాంతం గురించి ప్రసంగించాం. ఒక ప్రాణి మరో ప్రాణిగా మారడమే నిజమైతే మధ్య రూపాలు భూమిలో దొరకాలి కదా, ఒక్కటైనా దొరికిందా అని అడిగాం. సంఘమంతా ఆమేన్ అన్నది. ఆరాధన ముగిశాక, ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న ఒకమ్మాయి మా దగ్గరకొచ్చి మెల్లగా అంది: 'అయ్యగారూ, దొరికాయండీ. తిమింగలానివే చాలా దొరికాయి. నేను పరీక్షలో ఒకటి రాసి, ఇక్కడికొచ్చి మరొకదానికి ఆమేన్ చెప్పాలా?'

మా దగ్గర జవాబు లేదు. కొన్ని నెలలపాటు ఆ విషయమే చదివాం.

ఒక సంగతి స్థిరపడాలంటే ఇద్దరో ముగ్గురో సాక్షులు కావాలన్నది మోషే ధర్మశాస్త్రం పెట్టిన నియమం. తిమింగలం సంగతిని ఆ నియమంతోనే పరీక్షిద్దాం.

మొదటి సాక్షి రాళ్లు. తిమింగలం చేప కాదు. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లలకు పాలిస్తుంది. దాని పూర్వికులు నేల మీద నడిచినవైతే, కాళ్లున్న తిమింగలాలు పాత రాళ్లలో కనిపించాలి. కనిపించాయి. పాకిస్తాన్‌లో దొరికిన పాకిసెటస్‌ను 1981లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. సుమారు 5 కోట్ల ఏళ్లనాటి ఆ జీవికి నాలుగు కాళ్లున్నాయి, చెవి ఎముక మాత్రం తిమింగలానిది. 1994లో వెల్లడైన ఆంబులోసెటస్ నడవనూ గలదు, ఈదనూ గలదు. ఈజిప్టు ఎడారిలో దొరికిన బాసిలోసారస్ పూర్తిగా సముద్రజీవి. అయినా దానికి వేళ్లతో సహా చిన్న చిన్న వెనుక కాళ్లున్నాయని 1990లో తేలింది.

మన దేశపు రాళ్లూ సాక్ష్యమిచ్చాయి. జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు కొన్ని శిలాజాలు సేకరించి, 1971లో ఆ జీవికి ఇండోహ్యూస్ అని పేరు పెట్టారు. ఆయన పగలగొట్టకుండా మిగిలిపోయిన రాళ్లను ఆయన మరణానంతరం భార్య, హాన్స్ థేవిస్సెన్ అనే శాస్త్రవేత్తకు అప్పగించారు. పని జరుగుతుండగా ఒక పుర్రె పొరపాటున విరిగింది. లోపలి చెవి ఎముక అచ్చం తిమింగలాల తీరుగా ఉంది! పిల్లి అంత ఉండే, చిన్న జింకలాంటి ఆ ప్రాణి తిమింగలాల వంశానికి అతి దగ్గరి చుట్టమని 2007లో ప్రకటించారు.

రెండో సాక్షి డీఎన్ఏ. నేడు బతికి ఉన్న జంతువుల్లో తిమింగలానికి అతి దగ్గరి బంధువు నీటిగుర్రమని 1990లలో జన్యు పరిశోధనలు చూపాయి. 2001లో బయటపడిన తొలి తిమింగలాల చీలమండ ఎముకలు గొర్రె, పంది, నీటిగుర్రాల ఎముకల మాదిరే ఉన్నాయి. ప్రయోగశాల ఒక దారిన వెళ్లింది, తవ్వకం ఇంకో దారిన వెళ్లింది. ఇద్దరూ ఒకే గుమ్మం ముందు కలుసుకున్నారు.

మూడో సాక్షి తల్లి గర్భం. డాల్ఫిన్ పిండానికి మొదట్లో వెనుక కాళ్ల మొగ్గలు పుడతాయి, కొద్దికాలానికే అవి కరిగిపోతాయి. ఎన్నడూ నడవని జీవికి కాళ్ల మొగ్గలెందుకు?

మరి ఆదికాండము మాటేమిటి? ఐదవ దినాన దేవుడు మహా జలచరాలను చేశాడని అది చెబుతుంది. ఎవరు చేశారో, ఆయన దృష్టికి అవి ఎలా ఉన్నాయో చెప్పడం ఆ అధ్యాయం పని. ఎముకల చరిత్ర రాయడం దాని పని కాదు. ప్రకృతి గురించి తెలియని మాటలను లేఖనం పేరిట చెబితే అవిశ్వాసుల ముందు లేఖనమే నవ్వులపాలవుతుందని అగస్టీన్ పదహారు వందల ఏళ్ల క్రితమే విశ్వాసులను హెచ్చరించాడు. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ పదింటిలో ఒకటి. దేవుడు చేసిన రాళ్ల మీద పలికినా అది అబద్ధ సాక్ష్యమే కదా! విశ్వాసాన్ని కాపాడాలనుకుని మేము చేసింది అదే.

చదవడం ముగిశాక అదే వేదిక మీద నిలబడి, ఆనాడు చెప్పింది తప్పని ఒప్పుకున్నాం. సంఘపెద్దల్లో ఇద్దరు నొచ్చుకున్నారు. వారితో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం, వారి మీద మాకు గౌరవం తగ్గలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు మా సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెబుతోంది. సత్యం ఎక్కడ దొరికినా అది దేవునిదేనని నమ్మేవారు రాళ్లకు భయపడనక్కరలేదు. చదువుకునే పిల్లలను సత్యానికీ సంఘానికీ మధ్య ఒకదాన్నే ఎంచుకోమని మనం బలవంతపెట్టకుందాం.