వేసవిలో వామన వృక్షములకు నీరు పోయు విధము

దువ్వాడ వేసవికి రెండు ముఖములు కలవు. సముద్రపు గాలి వీచు దినమున ఒంటి చెమట ఆరదు. పడమటి వడగాలి తిరిగిన దినమున తడిబట్ట చూచుచుండగనే ఆరిపోవును. పెరటిలోని వేపచెట్టు ఈ రెంటిని ఓర్చుకొనును. దాని వేళ్లు లోతునకు పోయి తేమను వెదకుకొనగలవు. రెండంగుళముల లోతుగల పళ్లెములో పెరుగు మఱ్ఱికి, జువ్వికి ఆ స్వాతంత్ర్యము లేదు. జపాను భాషలో ‘బోన్’ అనగా పళ్లెము, ‘సాయ్’ అనగా నాటుట. రోహిణి కార్తెలో ఒక్కనాటి ఏమరుపాటు పదేండ్ల పెంపకమును మాడ్చివేయవచ్చును.

అందుచే పెంచువారు భయపడి పూటపూటకు నీరు గుమ్మరింతురు. దాహమువలెనే ఈ భయమును చెట్టును చంపగలదు. వేళ్లకు నీటితోపాటు గాలియు కావలెను. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. వేళ్ల శ్వాసక్రియ మాత్రము హెచ్చును. మట్టి సదా బురదగా నున్నచో వేళ్లు కుళ్లి నీటిని పైకి పంపజాలవు. ఆకు వాడును. దానిని దాహమని తలచి యజమాని మరియొక చెంబెడు పోయును!

లోతులేని కుండీ త్వరగా ఆరునన్నది సగము నిజమే. స్పాంజి ముక్కను తడిపి వెడల్పుగా పట్టుకొనుడు. చినుకులు ఆగిన పిమ్మట దానిని నిలువుగా త్రిప్పినచో మరల నీరు కారును. అనగా పలుచని పొర తన అడుగున నీటిని పట్టియుంచును. పళ్లెములోని మట్టియు నట్టిదే: పైభాగము పొడిగానున్నను అడుగు తడిగా నుండవచ్చును.

కావున మేము కంటిని నమ్మక త్రాసును ఆశ్రయించితిమి. నీరు పోసి, అదనపు నీరు కారిపోయిన పిమ్మట కుండీని తూచితిమి. సాయంకాలము మరల తూచితిమి. తగ్గిన ప్రతి గ్రాము ఒక మిల్లీలీటరు నీరే. పడమటి గాలి దినమునకు, సముద్రపు గాలి దినమునకు గల తేడా ఇట్లు స్పష్టముగా తెలిసినది. ‘రోజునకు రెండుసార్లు’ అను నియమము దీని ముందు నిలువదు.

పిదప పద్ధతులను మార్చి చూచితిమి. మట్టి పూర్తిగా ఎండి అంచులను వీడినచో పైనుండి పోసిన నీరు ఆ సందులగుండా జారిపోవును. పళ్లెము క్రింద తడిచూచి మోసపోదుము. అట్టియెడల కుండీని తొట్టిలో ముంచి, బుడగలు ఆగువరకు ఉంచుటయే మేలు. ప్రత్తిపేలికను వత్తిగా పేని అడుగు రంధ్రమునుండి క్రిందిగిన్నెలోనికి దింపినచో, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు మట్టి నీటిని పీల్చుకొనును. సెలవులలో ఊరికి పోవువారికిది ఉపకరించును. కాని బోరునీటి లవణములు పైన తెల్లని పొరగా పేరుకొనును. అప్పుడప్పుడు పైనుండి ధారాళముగా పోసి కడుగవలెను.

నునుపు పూతలేని మట్టికుండీ కూజావలె చెమర్చి వేళ్లను చల్లబరచును, అందుకు తగిన నీటిని ఖర్చుచేయును. ఉక్కపోతనాడు కూజాలో నీరు చల్లబడనట్లే ఈ కుండీయు చల్లబడదు. ఆనాడు నీడయే శరణ్యము.

మిట్టమధ్యాహ్నము ఆకులపై నీటిబొట్లు భూతద్దములై వాటిని కాల్చునని పలువురి నమ్మకము. 2010లో హంగరీ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో నునుపైన ఆకులకు అట్టి హాని కనబడలేదు. వడలిన చెట్టు మట్టి నిజముగా ఎండియున్నచో మధ్యాహ్నమైనను నీరు పోయవచ్చును. ఎండలో పడియున్న రబ్బరు గొట్టమునుండి మొదట వచ్చు నీరు మాత్రము కాగియుండును. దానిని ముందుగా వదలివేసి, చేతికి చల్లదనము తగిలిన పిమ్మటనే గొట్టమును కుండీవైపు త్రిప్పవలెను.