ఎండుగడ్డి సీమ

కెనడా దేశమున ఆల్బర్టా, సస్కాచువాన్ రాష్ట్రముల దక్షిణభాగమున చెట్లు అరుదైన గొప్ప గడ్డిమైదానము కలదు. అచట వానలు తక్కువ. 1857 మొదలు 1860 వరకు ఆ ప్రాంతములను పరిశీలించిన జాన్ పాలిసర్ ఆ సీమ సేద్యమునకు తగదని తలచెను. కాని అచటి పొట్టిగడ్డికి ఒక గుణము కలదు. వేసవి చివర అది మొలచినచోటనే ఎండి, సారము కోల్పోక, శీతకాలమంతయు మేతగా నిలుచును. బైసన్ అను అడవిదున్నలు వేలకొలది యేండ్లు ఆ మేతతోనే బ్రదికినవి.

వేటవలన 1880 ప్రాంతమున అవి దాదాపు అంతరించెను. 1881లో ప్రభుత్వము ఎకరమునకు ఏటికి ఒక సెంటు చొప్పున బీళ్లను కౌలుకిచ్చుటతో ఆవుల మందలు వచ్చెను. ఈ పశుక్షేత్రములనే రాంచ్‌లందురు. గడ్డి కోసి దాచుట అనవసరమని పెక్కుమంది యజమానులు తలచిరి. మంచు కురిసినను చినూక్ అను వెచ్చని పడమటిగాలి కరిగించునని వారి ధైర్యము.

1906-07 శీతకాలమున ఆ గాలి వారిని ఆదుకొనలేదు. బైసన్ తలతో మంచును త్రోసి మేయును. గుఱ్ఱము గిట్టతో గీరి మేయును. గట్టిపడిన మంచు క్రింది గడ్డిని అందుకొనుట ఆవులకు చేతకాదు. గాలికి వీపు త్రిప్పి నడచిన మందలు కంచెలకు తగిలి అచటనే కూలెను. వేలకొలది పశువులు చచ్చెను. తప్పు ఆ మూగజీవులది కాదు, గడ్డి కోయని యజమానులది.

ఆ పిమ్మట వారు వాములు వేయసాగిరి. 2005లో సస్కాచువాన్‌లోని గ్రాస్‌లాండ్స్ జాతీయోద్యానమున బైసన్‌లను మరల విడిచిరి. వానికి వాముతో పనిలేదు.