ఫిల్మ్‌నగర్‌ దాకా రాని రుచులు

హైదరాబాద్‌లోని ఫిల్మ్‌నగర్ వలస వచ్చినవాళ్ల ఊరు. తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులో పెరిగింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచేనాటికి ఈ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్లూ తుప్పలే ఉండేవి. తర్వాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. వాటి వెంట నటులు, టెక్నీషియన్లు వచ్చి జూబ్లీహిల్స్‌లోనో కృష్ణానగర్‌లోనో, ఎవరి స్తోమతను బట్టి వాళ్లు కాపురం పెట్టారు. వాళ్లలో కోస్తా జిల్లాల వాళ్లు చాలామంది.

కొత్త ఊరికి వచ్చినవాళ్లు అక్కడి తిండి, తాగుడు పద్ధతులను ఎంతవరకు అందుకుంటారు? ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన సంగతిగా కనిపిస్తుంది. కానీ దాన్ని ఎక్కువగా తేల్చేవి వేరే రెండున్నాయి. ఆ పదార్థం ఎంతసేపు నిలవ ఉంటుంది? దాన్ని ఎవరు ఎవరికి వడ్డించాలి?

ముందు సెట్ భోజనం సంగతి. ఆ బాధ్యత ప్రొడక్షన్ వాళ్లది (షూటింగ్ ఖర్చులు, ఏర్పాట్లు చూసే విభాగం). వందమందికి ఒకేసారి పెట్టాలి. బ్రేక్ అయ్యేలోగా ముగించాలి. ఎవరి కడుపూ చెడకూడదు. అలాంటి చోట వంటవాడు ప్రయోగాలు చేయడు. ఇడ్లీ, పొంగల్, పప్పు, వేపుడు, సాంబారు, పెరుగు. పొద్దున్నే కాల్షీట్‌కు వెళ్లి రాత్రికి ఇల్లు చేరే మనిషి, ఈ ఊరి తిండి ముట్టకుండానే ఇక్కడ ఏళ్లు గడిపేయగలడు.

సెట్ భోజనమనే ఈ గోడ దాటి ముందుగా లోపలికి వచ్చేది ఇరానీ చాయ్. కారణం దాని తయారీలోనే ఉంది. డికాషన్ మూతపెట్టిన పాత్రలో సన్నని సెగ మీద మగ్గుతుంది. పాలు విడిగా మరిగి చిక్కబడతాయి. రెండూ కప్పులోనే కలుస్తాయి. కాబట్టి ఎప్పుడు వెళ్లినా అరనిమిషంలో చాయ్ సిద్ధం. వేళాపాళా లేని పనికి ఇంతకన్నా అనువైన పానీయం లేదు.

హలీం కూడా అలాగే వచ్చింది. అరబ్బుల హరీస్ దీనికి మూలం. నిజాం సైన్యంలో చేరిన యెమెన్ వాళ్లతో, వాళ్లు స్థిరపడిన బార్కస్ పేటతో దీనికి సంబంధం ఉంది. మాంసం, గోధుమరవ్వ, నెయ్యి గంటల తరబడి భట్టీ మీద ఉడుకుతాయి. కర్రలతో ఎనుపుతూనే ఉంటారు. మాంసంలోని కొల్లాజెన్ (కండను ఎముకకు పట్టి ఉంచే పదార్థం) కరిగి జిగురవుతుంది. గోధుమలోని పిండిపదార్థం దాన్ని చిక్కబరుస్తుంది. ఇలా ముద్దయినది డబ్బాలో పోసి ఊరవతలికి పంపినా రుచి పెద్దగా మారదు. రంజాన్ నెలలో పాతబస్తీకి వెళ్లే ఓపిక లేనివాడికి కూడా అందడం అందుకే. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు (ఒక ఊరి పేరును అక్కడి ఉత్పత్తికే పరిమితం చేసే చట్టరక్షణ) దక్కింది.

కల్లు అలా రాదు. తాటి, ఈత చెట్ల నుంచి దిగే రసంలోనే చక్కెర ఉంటుంది. గాలిలో, కుండలో ఉన్న ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) వెంటనే పనిలో పడుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి మత్తెక్కిస్తుంది, సాయంత్రానికి పులిసిపోతుంది. కుండకు లోపల సున్నం రాస్తే పులవడం ఆగుతుంది. అప్పుడది నీరా. పల్లెలో కల్లు తాగడమంటే పొద్దున్నే కల్లు గీసే గౌడన్న చెట్టు దిగే వేళకు వెళ్లడం. చెట్టు దగ్గరికి వెళ్లలేని నగరానికి కల్లు ఎలా వస్తుంది? ఇక్కడే ప్రమాదం. నగరంలో చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. ఆ తేడాను కొందరు నీళ్లు, చక్కెర, ఆల్ప్రాజోలం (నిద్ర, మత్తు కలిగించే మందు) లాంటి వాటితో పూడుస్తారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కొత్తగా వచ్చినవాళ్లు సరదాగా ఉందని సీసాలో కల్లు తెప్పించుకోవడం, నా లెక్కన, పద్ధతిని అందుకోవడం కానే కాదు. చెట్టు తెలిసిన స్నేహితుడు ఊరికి తీసుకెళ్తే వెళ్లాలి. లేకపోతే చాయ్ ఉండనే ఉంది.

ఇక డబ్బుతో దొరకనిది మరొకటుంది. 2023లో వచ్చిన వేణు యెల్దండి సినిమా ‘బలగం’లో, అత్తారింటికి వచ్చిన అల్లుడు నల్లి బొక్క (మూలుగ ఉన్న ఎముక) దగ్గర అలుగుతాడు. ఆ కోపం రెండు ఇళ్ల మధ్య ఏళ్ల తరబడి మాటలు లేకుండా చేస్తుంది. తెలంగాణ పల్లె తెలియనివాళ్లు దాన్ని మొదట హాస్యం అనుకోవచ్చు. లెక్క చూస్తే అర్థమవుతుంది. ఒక యాటలో (మేక లేదా గొర్రె) మూలుగ దండిగా ఉండే ఎముకలు కొన్నే. దావత్‌లో మనుషులు చాలామంది. అందరికీ రానిది ఎవరి ఆకులో పడిందో, ఆ ఇంట్లో ఎవరి స్థానం ఎక్కడో అందరికీ కనిపిస్తుంది. హోటల్లో నల్లి అడిగి తెప్పించుకోవచ్చు. కానీ అక్కడ దానికి ఈ అర్థం ఉండదు, ఎందుకంటే పక్కన చూసే చుట్టాలు లేరు.

సినిమావాళ్లకు ఇది ఇప్పుడు పనికి సంబంధించిన సంగతి అయింది. కథలు తెలంగాణ పల్లెలకు వెళ్తున్నకొద్దీ, పంక్తిలో ఎవరు ముందు కూర్చుంటారో, వద్దనాలంటే ఎలా అనాలో నటుడికి తెలియాలి. డబ్బింగ్‌లో యాస సరిదిద్దవచ్చు. ముక్క కొరికే తీరును అక్కడ ఎవరూ సరిదిద్దలేరు. వేణుది సిరిసిల్ల. ఆ సినిమాకు సెట్ వేయకుండా, యూనిట్‌ను ఆ జిల్లా పల్లెకే తీసుకెళ్లాడు.